గ్రీకు బైబిల్లో 'రాణి': బసిలిస్సా మాట అర్థాన్ని మీరే సరిచూసుకోవడం ఎలా

స్త్రీల కూడిక దగ్గరపడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, కొత్త నిబంధనలో రాణి అన్న చోట గ్రీకులో ఏ మాట ఉంది? దాని అసలు అర్థమేంటి?" వాక్యం చెప్పబోయే చెల్లెళ్లు అడుగుతారు, సండే స్కూల్ టీచర్లు అడుగుతారు, వాట్సాప్‌లో ఏదో చదివి టెన్షన్ పడినవాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఒకసారి చేసి చూస్తే ఇంకే మాటకైనా ఇదే దారిలో వెళ్లొచ్చు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ మాట బసిలిస్సా. అర్థం రాణి. అందులో దాగిన రహస్యార్థం ఏమీ లేదు. అయితే ఆమె ఎలాంటి రాణి అన్నది మాత్రం ఆ మాటలో దొరకదు. స్వయంగా ఏలే రాణా, రాజు భార్యా, రాజమాతా, లేక రాణితో పోల్చిన నగరమా అన్నది వచనంలోనే వెతకాలి. తెలుగులోనూ అంతే కదా. కాకతీయ సింహాసనమెక్కి ఏలిన రుద్రమదేవినీ రాణి అంటాం, అంతఃపురం దాటి బయటికి రాని రాజుగారి భార్యనూ రాణి అంటాం. ఎవరి గురించి మాట్లాడుతున్నామో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

గ్రీకు రాకపోయినా ఫర్వాలేదు. తీరిగ్గా కూర్చుంటే గంటలో అయిపోతుంది.

కావలసినవి

- మీరు రోజూ చదివే తెలుగు బైబిల్.
- ఇంటర్నెట్ ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్. అందులో బైబిల్ హబ్, బ్లూ లెటర్ బైబిల్, స్టెప్ బైబిల్, ఈ మూడింటిలో ఏదో ఒకటి. మూడూ ఉచితమే.
- కొద్దిగా ఇంగ్లిష్ చదవగలగడం. రాకపోతే ఇంట్లో కాలేజీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.
- నోటుబుక్కు, పెన్ను. రాసుకోకుండా చేస్తే మూడో వచనం దగ్గరికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతారు.

తెలుగు బైబిల్ ఒక్కటే ఉంటే? 1, 5, 7 మెట్లు చేయండి. నిజం చెప్పాలంటే సగానికి పైగా పని వాటిలోనే ఉంది.

1. ముందు తెలుగులో నాలుగు వచనాలూ చదవండి

కొత్త నిబంధన మొత్తంలో బసిలిస్సా నాలుగే సార్లు వస్తుంది:

- మత్తయి 12:42 (దక్షిణదేశపు రాణి)
- లూకా 11:31 (అదే సంగతి, లూకా చెప్పినట్టు)
- అపొస్తలుల కార్యములు 8:27 (ఐతియొపీయుల రాణి)
- ప్రకటన 18:7 (బబులోను తన గురించి తాను అనుకున్న మాట)

మత్తయి, లూకా చెప్పేది ఒకే రాణి గురించి. అంటే వచనాలు నాలుగు, రాణులు ముగ్గురు. ఈ లెక్క నోటుబుక్కులో మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. ఎవరైనా "కొత్త నిబంధనలో రాణి అనే మాట పదుల సార్లు ఉంది" అంటే వాళ్లు ఏదో వేరే మాటతో కలిపేసుకున్నారని వెంటనే పట్టేయొచ్చు.

వచనం ఒక్కటే చదివి వదిలేయకండి. దానికి ముందు అయిదు, తర్వాత అయిదు వచనాలు కలిపి చదవండి.

2. ఇంటర్‌లీనియర్ తెరిచి మాట మీద వేలు పెట్టండి

ఇంటర్‌లీనియర్ అంటే గ్రీకు వాక్యం మాట మాటకీ విడగొట్టి, ఒక్కొక్క మాట దగ్గర ఇంగ్లిష్ అర్థం రాసిన పేజీ. బైబిల్ హబ్‌లో మత్తయి 12:42 తెరిచి ఇంటర్‌లీనియర్ నొక్కండి. ఒక్కో మాటకు పైనుంచి కిందికి ఒక చిన్న నిలువు వరస కనిపిస్తుంది. అన్నిటికంటే పైన ఒక నంబరు, దాని కింద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ, ఆ కింద గ్రీకు మాట, తర్వాత ఇంగ్లిష్ అర్థం, అట్టడుగున వ్యాకరణం చెప్పే పొడి అక్షరాలు.

మీకు కావలసిన నంబరు 938. జేమ్స్ స్ట్రాంగ్ అనే ఆయన 1890లో వేసిన పదసూచికలో ప్రతి మాటకూ ఒక నంబరు ఇచ్చారు. ఇప్పుడు అందరూ వాడేది అదే.

హెచ్చరిక: గ్రీకుకు ఒక వరస, హీబ్రూకు ఇంకో వరస ఉంటాయి. సెర్చ్‌లో ఉత్త 938 కొడితే హీబ్రూ వరసలోని 938 రావచ్చు. అది పూర్తిగా వేరే మాట. నంబరు ముందు 'జి' అక్షరం ఉందో లేదో చూడండి. నన్ను అడిగేవాళ్లలో చాలామంది తప్పిపోయేది ఇక్కడే.

అక్షరాలు కూడా ఒకసారి లెక్కపెట్టండి: బీటా, ఆల్ఫా, సిగ్మా, అయోటా, లామ్డా, అయోటా, సిగ్మా, సిగ్మా, ఆల్ఫా. మొత్తం తొమ్మిది. చివర్లో రెండు సిగ్మాలు పక్కపక్కన నిలబడతాయి. గ్రీకు రానివాళ్లకు ఇదే మంచి గుర్తు. జంట సిగ్మా కనిపించకపోతే మీరు చూస్తున్నది బసిలిస్సా కాదు.

ఉచ్చారణ గురించి రెండు మాటలు. యూట్యూబ్‌లో కొందరు 'వసీలిసా' అంటారు. ఈనాటి గ్రీకులు బీటాను 'వ'గా పలుకుతారు కాబట్టి అలా వినిపిస్తుంది. మాట అదే, కంగారు పడొద్దు. మీ కూడికలో ఏదో ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా అలాగే పలకండి.

3. చుట్టాలను పక్కన పెట్టండి

బసిలిస్సాకు దగ్గరి చుట్టాలు చాలామంది ఉన్నారు. నంబర్లు కూడా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వేలు జారితే ఇంకో మాట అర్థం చదివేస్తారు.

- 932 బసిలేయా: రాజ్యం. "నీ రాజ్యము వచ్చుగాక" అన్న ప్రార్థనలో ఉన్నది ఇదే. కొత్త నిబంధనలో 160 సార్లకు పైగా వస్తుంది.
- 933 బసిలేయొన్: రాజభవనం (లూకా 7:25).
- 934 బసిలేయొస్: రాజరికానికి చెందిన, రాజసమైన (1 పేతురు 2:9).
- 935 బసిలెయుస్: రాజు.
- 936 బసిలెయువో: ఏలడం.
- 937 బసిలికొస్: రాజుకు సంబంధించిన (యోహాను 4:46లోని అధికారి).
- 938 బసిలిస్సా: రాణి.

సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ బసిలికా ముందు నుంచి వెళ్లినవాళ్లు "బసిలికా కూడా ఇదే మాటా?" అని అడుగుతుంటారు. వేరు ఒకటే, మాట వేరు. బసిలికా వచ్చింది 937 వైపు నుంచి, 'రాజసమైన మందిరం' అన్న అర్థంలో. రాణితో దానికి పని లేదు.

ఇక్కడ అన్నిటికంటే మోసం చేసేది 932. పాత ఏథెన్సు రచయితలు రాణిని 'బసిలేయా' అని కూడా అనేవారు. రాజ్యం అన్న మాటకూ దానికీ అక్షరాలు ఒకటే, ఏ అక్షరం మీద ఒత్తి పలకాలన్నదే తేడా. అది చదివి ఎవరో "దేవుని రాజ్యం అంటే గ్రీకులో దేవుని రాణి అని కూడా అర్థం" అని రాశారు, అది ఫోన్ల మీద తిరుగుతోంది. తప్పు. కొత్త నిబంధన రచయితలు రాణి అనాల్సిన ప్రతిచోటా బసిలిస్సా అనే అన్నారు. బసిలేయాను రాణి అన్న అర్థంలో ఒక్కసారి కూడా వాడలేదు.

'ఇస్సా' అన్న తోక గురించి తెలిస్తే చాలు, ఇంక సిద్ధాంతం అక్కర్లేదు. దొర, దొరసాని అంటాం కదా, అలా ఆడవాళ్లను చెప్పే తోక ఇది. మార్కు 7:26లో సురోఫెనికయ స్త్రీని గ్రీకులో 'సురోఫొయినికిస్సా' అన్నారు. అదే తోక. ఆమె పేదరాలో ధనవంతురాలో ఆ తోక చెప్పదు, ఆడమనిషి అని మాత్రమే చెబుతుంది. ఇంగ్లిష్‌లో ప్రిన్సెస్, యాక్ట్రెస్ చివర వినిపించేది కూడా లాటిన్ మీదుగా వచ్చిన ఈ గ్రీకు తోకే.

4. మాట చివరను చూడండి

మత్తయి, లూకా, ప్రకటనల్లో మాట 'బసిలిస్సా' అని ఉంటుంది. అపొస్తలుల కార్యములు 8:27లో మాత్రం 'బసిలిస్సేస్' అని ఉంటుంది. కంగారు పడకండి, అది ఇంకో మాట కాదు. మనం 'రాణి', 'రాణి యొక్క' అన్నట్టే. బైబిల్ హబ్‌లో అట్టడుగు పొడి అక్షరాలు మొదటిదానికి ఎన్-ఎన్‌ఎఫ్‌ఎస్ అనీ, రెండోదానికి ఎన్-జీఎఫ్‌ఎస్ అనీ ఉంటాయి. మధ్యలో ఉన్న 'జీ' అంటే 'యొక్క'.

ఈ రూపాన్ని కళ్లారా చూడాలంటే ఒక మంచి దారి ఉంది. ఐగుప్తును ఏలిన చివరి క్లెయోపాత్రా అలెగ్జాండ్రియాలో వేయించిన కంచు నాణేల బొమ్మలు మ్యూజియం వెబ్‌సైట్లలో దొరుకుతాయి. ఒక వైపు ఆమె ముఖం, రెండో వైపు గద్ద, ఆ గద్ద చుట్టూ 'క్లెయోపాత్రాస్ బసిలిస్సేస్' అని అక్షరాలు. క్లెయోపాత్రా రాణి యొక్క నాణెం అని. అపొస్తలుల కార్యములు రాసింది కూడా లూకాయే. ఆయన ఐతియొపీయుల రాణి గురించి రాసినప్పుడు వాడిన రూపం అచ్చంగా ఇదే. ఆమె చనిపోయింది క్రీ.పూ. 30లో. పేతురు, పౌలుల తాత ముత్తాతల చేతుల్లో ఇలాంటి డబ్బులు తిరిగిన కాలం. అంటే బసిలిస్సా గుడిలోనో గ్రంథంలోనో మాత్రమే వినిపించే పవిత్రమైన మాట కాదు, బజారులో చెలామణీ అయిన మాట. ఆ ఫొటోను పెద్దది చేసి జంట సిగ్మాను వెతికి చూడండి. నాకైతే ఆ రోజు నుంచి ఆ మాట మరిచిపోవడం కుదరలేదు.

5. ప్రతి వచనాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి

అసలు పని ఇదే. తొందరపడకండి. నోటుబుక్కులో వచనానికో పేజీ తీసుకుని ఈ నాలుగూ రాసుకోండి:

అ) ఆమె పక్కన రాజు ఉన్నాడా?
ఆ) ఆమె చేతిలో ఏముంది?
ఇ) ఆమెను రాణి అంటున్నది ఎవరు?
ఈ) ఆమె మనిషా, మరొకదానికి పోలికా?

ముందు అపొస్తలుల కార్యములు 8:27. రాజు లేడు. ఆమె చేతిలో ధనాగారం ఉంది. గ్రీకులో 'ఆమె యొక్క ధనాగారమంతటి మీద' అని స్పష్టంగా ఉంది. రాణి అంటున్నది లూకా. ఆమె మనిషే. అంటే ఈమె ఖజానా, ఉద్యోగులు ఉన్న ఏలిక అని వచనమే చెబుతోంది.

ఇప్పుడు 'కందాకే'. తెలుగులో "రాణియైన కందాకే" అని చదివితే పేరులా వినిపిస్తుంది. నేను కూడా చాలా ఏళ్లు పేరే అనుకుని సండే స్కూల్ పిల్లలకు అలాగే చెప్పాను. తెలిశాక మళ్లీ ఆ పిల్లలను కూర్చోబెట్టి సరిదిద్దాను. అది పేరు కాదు, బిరుదు. నిజాం అన్నది ఒక మనిషి పేరు కాదు కదా, ఫరో కూడా కాదు. ఇదీ అలాంటిదే. అదే శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత ఈ పేరు అక్కడ ఎన్నో ఏళ్లుగా ఒక రాణి నుంచి మరో రాణికి వస్తోందని రాశాడు. అంతకు ముందు అగస్టస్ కైసరు కాలంలో రోమా సైన్యంతో పోరాడిన ఒంటికన్ను కందాకే గురించి స్ట్రాబో రాశాడు. ఆమె అమనిరెనస్ రాణి అని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. సువార్తికుడు ఫిలిప్పు దారిలో కలిసిన ఆ ధనాగారపు అధికారి కాలానికి సింహాసనం మీద ఉన్నది ఎవరో లూకా పేరు చెప్పలేదు, బిరుదుతోనే సరిపెట్టాడు. మీరూ అక్కడే ఆగండి.

'ఐతియొపీయులు' అన్న మాట దగ్గర ఇంకో జాగ్రత్త. ఇది ఇప్పటి మ్యాపులోని ఇథియోపియా కాదు. ఐగుప్తుకు దక్షిణాన ఉన్న నల్లజాతి ప్రజల దేశాన్ని గ్రీకులు అలా పిలిచేవారు. పాత నిబంధనలో కూషు అన్నది అదే. రాజధాని మెరోయే. నేటి సూడాన్‌లో, నైలు నది ఒడ్డున, దాని పిరమిడ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పిల్లలకు చెప్పేటప్పుడు మ్యాపు మీద సూడాన్ చూపించండి.

(ఈ వచనంలో చెవికి ఇంపైన సంగతి ఒకటుంది. ధనాగారానికి ఇక్కడ వాడిన గ్రీకు మాట 'గాజా'. పారసీక భాష నుంచి వచ్చింది. ముందు వచనంలో ఫిలిప్పు వెళ్తున్న దారి గాజా ఊరి దారి. గాజాకు వెళ్లే దారిలో గాజా మీద అధికారి. తెలుగులో చదివితే ఇది వినిపించదు.)

తర్వాత మత్తయి 12:42. మాట్లాడుతున్నది యేసు. ఆయనే ఆమెను రాణి అన్నాడు. 'దక్షిణదేశపు' అన్న చోట గ్రీకులో 'నొతూ' అని ఉంది. దక్షిణపు గాలికీ దక్షిణ దిక్కుకూ అదే మాట. సొలొమోను దగ్గరికి వచ్చిన షేబదేశపు రాణి కథ 1 రాజులు 10లో ఉంది. దాన్నీ ఇదే నాలుగు ప్రశ్నలతో చదవండి. అక్కడ కూడా రాజు లేడు. ఒంటెలు, బంగారం, గంధవర్గం, గూఢమైన ప్రశ్నలు, అన్నీ ఆమెవే. షేబ అంటే దక్షిణ అరేబియాలో, నేటి యెమెన్ ప్రాంతంలో ఉన్న రాజ్యం. మన ఇళ్లలో ఆడపిల్లలకు షీబారాణి అని ముద్దుగా పేరు పెట్టుకుంటాం. ఆ షేబ ఆమె ఊరు, ఆమె పేరు కాదు. ఆమె పేరు బైబిల్లో ఎక్కడా లేదు.

చివరిది ప్రకటన 18:7. ఇక్కడ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఆమెను రాణి అంటున్నది యోహాను కాదు, దేవదూత కాదు. ఆమె తన మనసులో తానే అనుకుంటోంది: రాణినిగా కూర్చున్నాను, విధవరాలిని కాను, దుఃఖం చూడను అని. యెషయా 47:7-8లో బబులోను అన్న మాటల నీడ ఇది. తీర్పు ఆ మాటల మీదే పడుతుంది. పైగా ఆమె మనిషి కాదు, మహా పట్టణం. 17:18లో ఆ సంగతి చెప్పేశారు. అదే వచనంలో ఆమెకు భూరాజుల మీద 'బసిలేయా' ఉందని ఉంటుంది. చూశారా, 932, 938 రెండూ ఒకే స్త్రీ గురించి, రెండు అధ్యాయాల్లో. నంబరు చూడకపోతే కలిసిపోయేది ఇలాంటి చోటే.

ముగ్గురి పేజీలు పక్కపక్కన పెట్టి మొదటి ప్రశ్న జవాబులు చదవండి. ఒక్కరి పక్కన కూడా రాజు లేడు. కొత్త నిబంధనలో బసిలిస్సా అన్న ప్రతిచోటా ఉన్నది తన పేరు మీద నిలబడిన స్త్రీయే. ఎస్తేరు కథ మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లకు ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ఇది మాట అర్థంలో భాగం అనుకోకండి. ఆ నాలుగు వచనాల్లో అలా ఉంది, అంతే. తర్వాతి మెట్టులో దీనికి తిరుగు ఉదాహరణలు బోలెడు దొరుకుతాయి.

6. పాత నిబంధనకు వెళ్తే అధ్యాయం నంబర్లు చూసుకోండి

పాత నిబంధన అసలు భాష హీబ్రూ. కొన్ని భాగాలు అరామిక్. రాణికి అక్కడ మామూలు మాట 'మల్కా', హీబ్రూ నంబరు 4436. అది ఎక్కువగా ఎస్తేరు గ్రంథంలోనే వస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకున్నారు. దాన్ని సెప్టువజింట్ అంటారు. బసిలిస్సా అక్కడ కూడా ఉంది. స్టెప్ బైబిల్‌లో, బ్లూ లెటర్ బైబిల్‌లో చూడొచ్చు.

సెప్టువజింట్‌లో వష్తి బసిలిస్సా, ఎస్తేరు బసిలిస్సా. ఇద్దరూ రాజు భార్యలు. పరమగీతము 6:8లో అరవైమంది రాణులు కూడా ఇదే మాట, బహువచనంలో. దానియేలు 5:10లో విందుశాలలోకి వచ్చిన రాణి ఎవరు? బబులోను రాజు బెల్షస్సరు భార్యలు అప్పటికే లోపల తాగుతూ ఉన్నారు (5:2-3). ఈమె బయటి నుంచి వచ్చి, అతని తండ్రి కాలపు సంగతులు గుర్తుచేస్తోంది. అందుకే ఈమె రాజమాత అయివుంటుందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. కానీ చూడండి, 'రాజమాత' అన్న సంగతి మాట చెప్పలేదు, తలుపు దగ్గరి దృశ్యం చెప్పింది.

హెచ్చరిక: సెప్టువజింట్‌లో అధ్యాయాల నంబర్లు మన బైబిల్‌తో అన్నిచోట్లా కలవవు. మన 45వ కీర్తన అక్కడ 44. మన యిర్మీయా 44 అక్కడ 51. నంబరు చూసి వెళ్లి "ఇక్కడ రాణే లేదు" అని వెనక్కి రాకండి.

యిర్మీయాలోని 'ఆకాశరాణి' దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన తెలుగులో 7:18లోనూ 44:17లోనూ ఆకాశరాణి అనే ఉంది. గ్రీకులో అలా కాదు. 7:18లో అనువాదకులు 'ఆకాశ సైన్యం' అని రాశారు. రెండో చోటికి వచ్చేసరికి బసిలిస్సా అన్నారు. ఒకే హీబ్రూ మాట, ఒకే గ్రంథం, రెండు అనువాదాలు. కాబట్టి ఒక చోట గ్రీకు మాట చూసి, మిగతా అన్నిచోట్లా అదే ఉంటుందని మీ నోట్సులో రాసుకోవద్దు. ప్రతి వచనమూ విడిగా తెరవాల్సిందే.

45వ కీర్తన 9లో రాజు కుడివైపు ఓఫీరు బంగారంతో నిలబడిన రాణికి హీబ్రూలో మల్కా కాదు, 'షెగల్' అన్న అరుదైన మాట ఉంది. గ్రీకులో బసిలిస్సా అయింది. నెహెమ్యా 2:6లో రాజు దగ్గర కూర్చున్న రాణికీ హీబ్రూలో షెగలే, కానీ గ్రీకు అనువాదకుడు అక్కడ ఉపపత్ని అని రాశాడు.

7. మీ అర్థాన్ని ఒక్క వాక్యంలో రాసి వచనంలో పెట్టి చదవండి

ఉదాహరణకు: "ఇక్కడ బసిలిస్సా అంటే కూషును ఏలుతున్న, సొంత ఖజానా ఉన్న రాణి." దీన్ని అపొస్తలుల కార్యములు 8:27లో రాణి అన్న చోట పెట్టి గట్టిగా చదవండి. వాక్యం సాఫీగా సాగితే సరే. అదే వాక్యాన్ని ప్రకటన 18:7లో పెట్టి చూడండి. పొసగదు. పొసగకూడదు కూడా. ఒక వచనం నుంచి తీసిన అర్థం నాలుగింటిలోనూ అతికిపోతోందంటే మీరు రాసింది మరీ పలచగా ఉందన్నమాట. ఐదో మెట్టుకు మళ్లీ వెళ్లండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"బసిలిస్సా అంటే ప్రజలకు పునాది." ఇది నాకు నెలకోసారైనా వస్తుంది. బసిలెయుస్ అన్న మాటను 'బాసిస్' (అడుగు, పునాది) అన్న మాటతో ముడిపెట్టే ఊహ పాతదే. స్ట్రాంగ్ కూడా 935 దగ్గర 'బహుశా' అంటూ అలాగే రాశారు. ఆయన పెట్టిన ఆ 'బహుశా'ను వదిలేసి మిగతాది ప్రసంగంలో చెబుతున్నారు. 1952లో మైకేల్ వెంట్రిస్ చదివి చెప్పిన లీనియర్ బి (గ్రీకును రాసిన అతి పాత లిపి) మట్టి పలకల్లో ఈ మాట పాత రూపం ఉంది. అక్కడ దాని అర్థం మహారాజు కాదు, స్థానిక పెద్ద. మాట అసలు పుట్టుక గ్రీకుకు ముందటి భాషలో ఉందని ఎక్కువమంది పండితులు అనుకుంటున్నారు. పుట్టుక ఏదైనా, వెయ్యేళ్లకు పైగా గడిచాక లూకా ఆ మాట రాసినప్పుడు చదివినవాళ్లకు తట్టింది 'రాణి' అనే.

"కందాకే, షేబ రాణి ఒక్కరే." కాదు. సొలొమోను క్రీస్తుకు దాదాపు వెయ్యేళ్ల ముందటివాడు. ఒకరిది ఎర్ర సముద్రానికి అవతలి అరేబియా, ఒకరిది నైలు ఒడ్డు.

"1 పేతురు 2:9 ప్రకారం విశ్వాసి అయిన స్త్రీ బసిలిస్సా." అక్కడి మాట 934, రాజసమైన అని. యాజకసమూహాన్ని చెప్పే విశేషణం. మగవాళ్లకూ ఆడవాళ్లకూ కలిపి చెప్పిన మాట. ఆ వాగ్దానం మీద చక్కగా బోధించండి, గ్రీకులో రాణి ఉందని మాత్రం చెప్పొద్దు.

"హెబ్రీయులకు రాసిన పత్రికలో 45వ కీర్తనలోని రాణి ఉంది." హెబ్రీ 1:8-9లో ఎత్తి రాసింది ఆ కీర్తన 6, 7 వచనాలు. రాణి ఉన్నది 9లో. ఆమె దగ్గరికి రాకముందే ఆ మాటలు ఆగిపోయాయి.

"ఆకాశరాణి అంటే మరియమ్మే." యిర్మీయా మాట్లాడింది క్రీస్తుకు ఆరు వందల ఏళ్ల ముందు, యూదులు వేరే దేవతకు పిండివంటలు చేసి నైవేద్యం పెట్టడం గురించి. మరియమ్మను రాణి అని పిలిచే క్యాథలిక్ సంప్రదాయానికి ఆ వచనం ఆధారం కాదు, ఆ సంప్రదాయం కూడా దాన్ని ఆధారంగా చూపించదు. 1954లో పన్నెండవ పయస్ పోపు ఆ పేరుతో పండుగ పెట్టినప్పుడు చూపిన ఆధారాలు వేరు. బసిలిస్సా మాట వరకే చూస్తే, కొత్త నిబంధన దాన్ని మరియమ్మకు వాడలేదు. ప్రకటన 12:1లో పన్నెండు నక్షత్రాల కిరీటం ఉంది కానీ ఆ అధ్యాయంలో ఈ మాట లేదు. ఏ సంఘంవాళ్లయినా ఒప్పుకోగలిగిన సంగతి ఇది. దీన్ని ఇంకొకరి విశ్వాసం మీద రాయిలా విసరకండి.

"మాట లేదు కాబట్టి రాణి కాదు." దీన్ని ఎవరూ పొరపాటని అనుకోరు, అందుకే చెబుతున్నాను. అపొస్తలుల కార్యములు 25లో అగ్రిప్పను రాజు అన్నారు, పక్కనే ఉన్న అతని సోదరి బెర్నీకేను ఉత్త పేరుతో రాశారు. కానీ ఏథెన్సులో దొరికిన ఒక శిలాశాసనం ఆమెను 'బసిలిస్సా మెగాలే', అంటే మహారాణి అంటోంది. లూకా ఆ మాట వాడలేదన్నది ఒక సంగతి, ఆమె రాణి కాదన్నది ఇంకో సంగతి. అలాగే 2 యోహాను మొదట్లోని 'అమ్మగారు' గ్రీకులో 'కురియా'. గౌరవంగా పిలిచే మాట, రాణి కాదు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

నోటుబుక్కు మూసి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. వచనాలు ఎన్ని, రాణులు ఎందరు? (నాలుగు, ముగ్గురు.) 'యొక్క' రూపం ఏ వచనంలో ఉంది? (అపొస్తలుల కార్యములు 8:27.) తనను తాను రాణి అనుకున్నది ఎవరు? (బబులోను.) పేరు కాకుండా బిరుదు ఏది? (కందాకే.) యిర్మీయాలో ఏ చోట గ్రీకులో బసిలిస్సా లేదు? (7:18.)

తర్వాత రెండో సాధనంలో తెరిచి చూడండి. బైబిల్ హబ్‌లో చేసి ఉంటే బ్లూ లెటర్ బైబిల్‌లో 938 కొట్టండి, అవే నాలుగు వచనాలు రావాలి. అయిదో వచనం ఏదైనా వస్తే మీరు ఇంగ్లిష్ 'క్వీన్' మీద వెతుకుతున్నారని అర్థం. పాత నిబంధన వచనాలు కూడా కలిసిపోతాయి.

కూడికలో చెప్పే ముందు మీ నోట్సులో 'అసలు అర్థం', 'లోతైన అర్థం' అన్న మాటలు ఎక్కడెక్కడ వాడారో వెతికి, ప్రతిదాని పక్కనా అది ఏ వచనంలో ఏ మాట నుంచి వచ్చిందో రాయండి. రాయలేకపోయిన చోట ఆ వాక్యాన్ని కొట్టేయండి.